వీడియో డౌన్‌లోడరుకు కొత్త ఫార్మాట్లు చేర్చడం: ముక్కల లెక్క తప్పిన చోట్లు

నా పైథాన్ డౌన్‌లోడరు ఇంతకాలం ఒక్క పనే చేసేది. ఎంపీ4 ఫైలు చిరునామా ఇస్తే దాన్ని దించి డిస్కు మీద పెట్టేది. నేటి వీడియోలు ఎక్కువగా ఒకే ఫైలుగా ఉండవు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఆ ముక్కల జాబితాను వేరొక చిన్న ఫైలులో ఉంచుతారు. అలాంటి జాబితాలలో రెండు పద్ధతులు ప్రధానం: 2017 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 8216 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో ఐఎస్ఓ/ఐఈసీ 23009-1 ప్రమాణంగా తొలిసారి ప్రచురితమైన డాష్. ఈ రెండింటినీ టూలులో చేర్చేటప్పుడు ఎక్కడెక్కడ తప్పాను, ఏ కొలతతో ఆ తప్పు బయటపడింది, తరువాత ఏమి మార్చాను అన్నదే ఈ డైరీ.

పరిధి గురించి ఒక మాట. సొంత వీడియోలకు, దించుకోవడానికి అనుమతి ఉన్న వీడియోలకు మాత్రమే ఈ పని. డాష్ జాబితాలో 'కంటెంట్ ప్రొటెక్షన్' అనే మూలకం కనిపించినా, హెచ్‌ఎల్‌ఎస్ జాబితాలో తాళం (గుప్తీకరణ) పద్ధతి 'శాంపిల్-ఏఈఎస్' అని ఉన్నా టూలు ఆ సంగతి చెప్పి ఆగిపోతుంది. అక్కడ ముందుకు వెళ్ళే కోడు రాయలేదు, రాయను.

0వ దశ: సొంత పరీక్ష వీడియో

ఇంటర్నెట్‌లో దొరికిన వీడియోలతో పరీక్షిస్తే సరైన జవాబు ఏమిటో ముందే తెలియదు. అందుకని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూలులోని పరీక్ష చిత్రంతో, ఒక స్థిరమైన మోత శబ్దంతో సరిగ్గా 600 సెకన్ల వీడియో తయారు చేసుకున్నాను. సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు ఒక ప్యాకెట్టు కనుక వీడియో ప్యాకెట్లు 15000 ఉండాలి. ఆడియో ఏఏసీ పద్ధతిలో కుదించినది, 48000 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 48000 శాంపిళ్ళు (శబ్దపు కొలతలు). ఒక ప్యాకెట్టులో 1024 శాంపిళ్ళు ఉంటాయి కనుక 28125 ప్యాకెట్లు రావాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటు వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే తనిఖీ టూలుతో లెక్కిస్తే 28126 వచ్చాయి. ఆ అదనపు ప్యాకెట్టు దోషం కాదు. ఏఏసీ ఎన్‌కోడరు మొదట్లో 1024 శాంపిళ్ళ పూరకం పెడుతుంది. అర గంట వెతికిన తరువాత ఈ సంగతి గుర్తుకు వచ్చింది.

తరువాత ఆరేసి సెకన్ల ముక్కలుగా కోయమన్నాను. 100 ముక్కలు రావలసిన చోట 60 వచ్చాయి, ఒక్కొక్కటీ 10 సెకన్లు. ముక్క కీఫ్రేము (వేరే ఫ్రేముల అవసరం లేకుండా విప్పగల పూర్తి చిత్రం) దగ్గర మాత్రమే తెగుతుంది; ఎక్స్264 ఎన్‌కోడరు, మనం వేరుగా అడగకపోతే, గరిష్ఠంగా 250 ఫ్రేములకు ఒక కీఫ్రేము పెడుతుంది; 250 ఫ్రేములంటే 10 సెకన్లు. చేసిన సవరణ ఇది:

1. కీఫ్రేముల మధ్య గరిష్ఠ దూరం 150, కనిష్ఠ దూరం కూడా 150గా పెట్టాను.
2. దృశ్యం మారిన చోట కీఫ్రేము చేర్చే ఏర్పాటును ఆపివేశాను.
3. మళ్ళీ కోశాను. 100 ముక్కలు, ఒక్కొక్కదానిలో 150 ఫ్రేములు.

ఇకపై ప్రతి పరీక్షకూ మూడు అంకెలు చూడాలి: ముక్కలు 100, వీడియో ప్యాకెట్లు 15000, ఆడియో ప్యాకెట్లు 28126. ప్లేయరులో వీడియో ఆడిందా లేదా అన్నది పరీక్ష కాదని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం ఎంత అవసరమో రెండో దశలో అర్థమైంది.

ఇంతవరకు: 3 గంటలు, పరీక్షలు 0.

1వ దశ: టీఎస్ ముక్కల హెచ్‌ఎల్‌ఎస్

టీఎస్ అంటే ఎంపెగ్-టీఎస్, వీడియోను, ఆడియోను చిన్న ప్యాకెట్లలో ఉంచే ఫైలు రూపం. ఇది అన్నిటికంటే సులువైన దశ. హెచ్‌ఎల్‌ఎస్ వాడే ఎం3యూ8 జాబితాను వరుసవారీగా చదవాలి, '#' తో మొదలుకాని వరుసలను చిరునామాలుగా తీసుకోవాలి, ముక్కలను దించి ఒకదాని వెనుక ఒకటి అతికించాలి. ఎంపెగ్-టీఎస్ 188 బైట్ల సొంత ప్యాకెట్ల (పైన లెక్కించిన వీడియో, ఆడియో ప్యాకెట్లు కావు) వరుస కనుక ఇలా నేరుగా అతికించినా చెల్లుతుంది. మొదటి ప్రయత్నంలోనే మూడు అంకెలూ సరిపోయాయి.

చిక్కు సర్వరు వైపు నుంచి వచ్చింది. పరీక్ష సర్వరులో కావాలనే ఒక లోపం పెట్టాను: 37వ ముక్క అడిగితే 404 (దొరకలేదు) బదులు 200 (సరే) కోడుతో ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ పంపుతుంది. నా ప్రోగ్రాము ఆ జవాబు సంఖ్యను మాత్రమే చూసి సంతృప్తి పడి, ఆ పేజీని వీడియో మధ్యలో అతికించింది. ప్లేయరు ఒక్క క్షణం తడబడి ముందుకు సాగిపోయింది. వీడియో ప్యాకెట్లు మాత్రం 150 తగ్గాయి.

దించిన ప్రతి టీఎస్ ముక్కకూ రెండు తనిఖీలు చేర్చాను:

1. పరిమాణాన్ని 188తో భాగిస్తే శేషం సున్నా కావాలి.
2. ప్రతి 188 బైట్లకు మొదటి బైటు హెక్సులో 47 కావాలి.

మొదటి తనిఖీ ఒక్కటే చాలదు, ఎందుకంటే ఏ పేజీ పరిమాణమైనా 188లో ఒక వంతు సార్లు యాదృచ్ఛికంగా సరిపోవచ్చు. రెండోది మొదటి ముక్కకే పరిమితం చేస్తే 37వ ముక్క మళ్ళీ జారిపోతుంది. కనుక అన్ని ముక్కలకూ రెండూ ఉండాలి. తాళం వేసిన ముక్కలైతే తాళం తీసిన తరువాతే ఈ తనిఖీలు చేయాలి.

అతికించిన టీఎస్‌ను మళ్ళీ ఎన్‌కోడు చేయకుండా ఎంపీ4లోకి మార్చినప్పుడు ఫైలు చిన్నదైంది. డేటా పోయిందేమోనని కంగారు పడి లెక్క వేశాను. టీఎస్‌లో ప్రతి ఏఏసీ ప్యాకెట్టు ముందు 7 బైట్ల ఏడీటీఎస్ శీర్షిక ఉంటుంది. ఎంపీ4లో అది ఉండదు. 28126ను 7తో హెచ్చిస్తే 196882 బైట్లు అక్కడే పోయాయి. పైగా ప్రతి 188 బైట్లలో కనీసం 4 బైట్లు టీఎస్ సొంత శీర్షికే. ఇలాంటి చోట ఫైలు పరిమాణాన్ని పోల్చి ప్రయోజనం లేదు, ప్యాకెట్ల సంఖ్యనే పోల్చాలి.

ఇంతవరకు: 9 గంటలు, పరీక్షలు 6.

2వ దశ: ఏఈఎస్-128 తాళం ఉన్న హెచ్‌ఎల్‌ఎస్

ఏఈఎస్-128 అంటే 128 బిట్ల తాళంచెవితో డేటాను గుప్తీకరించే పద్ధతి. ఇక్కడి తాళంచెవి రహస్యం కాదు. జాబితాలోనే దాని చిరునామా ఉంటుంది, అనుమతి ఉన్నవారికి సర్వరు దాన్ని ఇస్తుంది. ముక్కలన్నిటినీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ టూలుతో నేనే తాళం వేసి, జాబితాను చేతితో రాసుకున్నాను. ముక్కల సంఖ్య 1 నుంచి మొదలవుతుందని 'మీడియా సీక్వెన్స్' వరుసలో రాశాను. ప్రారంభ విలువను, అంటే ఐవీని, జాబితాలో ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు ముక్క సంఖ్యనే 16 బైట్ల సంఖ్యగా, పెద్ద బైటు ముందు వచ్చేలా రాసి ఐవీగా వాడాలని ప్రమాణం చెబుతుంది.

నా కోడు ముక్కలను 0 నుంచి లెక్కించింది. అంటే నూరు ముక్కలకూ ఐవీ తప్పు. అయినా ఏమి జరిగిందో చూడండి: ముక్కలు 100, వీడియో ప్యాకెట్లు 15000, ఆడియో ప్యాకెట్లు 28126. తాళం తీశాక ముక్క చివర ఉండే పూరక బైట్ల తనిఖీ నెగ్గింది. 47 బైటు తనిఖీ నెగ్గింది. వీడియో చక్కగా ఆడింది. దశ ముగిసిందని రాసుకోబోతూ, అలవాటు కొద్దీ మొదటి దశ టీఎస్ ఫైలుతో ఎండీ5 (ఫైలు బైట్లన్నిటి నుంచి లెక్కించే చిన్న వేలిముద్ర) పోల్చాను. కలవలేదు.

రెండు ఫైళ్ళనూ బైటు బైటుకూ పోల్చే ఆదేశం ఇచ్చి, వచ్చిన వరుసలను లెక్కించాను. సరిగ్గా 100 బైట్లు తేడా, ముక్కకు ఒకటి చొప్పున, ప్రతిసారీ ముక్క ఆరంభం నుంచి 16వ బైటు. అప్పుడు విషయం విడిపోయింది. ఈ తాళం వాడే సీబీసీ పద్ధతిలో 16 బైట్ల బ్లాకును విప్పిన తరువాత, దానికి ముందున్న తాళం వేసిన బ్లాకుతో ఎక్సార్ చేస్తారు, అంటే బిట్టు బిట్టుకూ కలుపుతారు. మొదటి బ్లాకుకు ముందు ఏదీ లేదు కనుక అక్కడ ఐవీ వాడతారు. ఐవీ తప్పయితే పాడయ్యేది మొదటి బ్లాకు మాత్రమే. రెండో బ్లాకు నుంచి అంతా సవ్యమే. నా తప్పుడు ఐవీకి, అసలు ఐవీకి తేడా చివరి బైటులో మాత్రమే ఉంది, ఎందుకంటే 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యలన్నీ ఒకే బైటులో ఇముడుతాయి. పాడైన ఆ ఒక్క బైటు ముక్కలోని తొలి ప్యాకెట్టులో, సర్వీసు వివరాల పట్టికలో పడింది. ఆ పట్టిక సరిచూపు సంకేతం తప్పడంతో ప్లేయరు దాన్ని పక్కన పడేసి మౌనంగా సాగిపోయింది. ఇంత మర్యాదగా దాక్కునే దోషాన్ని నేను ఇంతకు ముందు చూడలేదు.

మార్పులు:

1. లెక్క 0 నుంచి కాకుండా 'మీడియా సీక్వెన్స్' విలువ నుంచి మొదలుపెట్టాను. ఆ వరుస లేకపోతేనే 0.
2. జాబితాలో ఐవీ ఉంటే దానికే ప్రాధాన్యం ఇచ్చాను.
3. తాళం వరుస మధ్యలో మళ్ళీ వస్తే, అక్కడి నుంచి కొత్త తాళంచెవి వర్తిస్తుంది. పద్ధతి 'నన్' అని ఉంటే ఆ తరువాతి ముక్కలకు తాళం లేదు.
4. పరీక్షల్లో ప్యాకెట్ల సంఖ్యతో పాటు ఎండీ5 పోలికను నాలుగో కొలతగా చేర్చాను.

ఈ దశలోనే మరో చిన్న తప్పు. తాళంచెవి ఫైలు 16 బైట్ల ముడి డేటా. నేను దాన్ని పాఠ్యంలాగా చదివి, చివర్లలోని ఖాళీలను తీసివేసే 'స్ట్రిప్' పిలుపు పెట్టాను. పైథాన్ బైట్లలో ఖాళీలుగా లెక్కించేవి 6 విలువలు. తాళంచెవి మొదటి బైటు గానీ చివరి బైటు గానీ ఆ ఆరింటిలో ఒకటయ్యే అవకాశం సుమారు 22లో ఒకటి. అంటే 21 వీడియోలు బాగా దిగి 22వది '15 బైట్ల తాళంచెవి చెల్లదు' అంటూ ఆగుతుంది. కారణం తెలియకపోతే నెలల తరబడి సర్వరునే నిందిస్తూ ఉండేవాడిని. ఇప్పుడు తాళంచెవి పొడవు 16 కాకపోతే టూలు అక్కడే ఆగి, వచ్చిన పొడవును చెబుతుంది.

ఇంతవరకు: 17 గంటలు, పరీక్షలు 11.

3వ దశ: ముక్కల ఎంపీ4

కొత్త జాబితాలలో టీఎస్ బదులు ముక్కల ఎంపీ4 తరచుగా వస్తుంది. టీఎస్ అలవాటుతో ముక్కలను మాత్రమే అతికించాను. ఎంపీ4 ఫైలు 'పెట్టెలు' అనే భాగాలతో ఉంటుంది; 'మూవ్' పెట్టె దొరకలేదని ఎఫ్ఎఫ్ఎంపెగ్ తిరస్కరించింది. కోడెక్ (వీడియోను, ఆడియోను కుదించి విప్పే పద్ధతి) వివరాలన్నీ ఆరంభ ఫైలులోని 'మూవ్' పెట్టెలో ఉంటాయి. ముక్కలలో ప్రధానంగా 'మూఫ్', 'ఎండాట్' పెట్టెలు ఉంటాయి. ఆరంభ ఫైలు చిరునామా 'ఎక్స్-మ్యాప్' వరుసలో ఉంటుంది. దాన్ని దించి ముందు అతికించగానే మూడు అంకెలూ వచ్చాయి.

బైటు పరిధుల దగ్గర రెండు దోషాలు ఒకదాని వెనుక ఒకటి దొరికాయి. జాబితాలో పరిధి 'పొడవు@ఆరంభం' రూపంలో ఉంటుంది. హెచ్‌టీటీపీ రేంజ్ శీర్షికలో మాత్రం ఆరంభ, అంత్య స్థానాలు రెండూ చేరి ఉంటాయి. 0వ స్థానం నుంచి 1000 బైట్లు కావాలంటే '0-999' అని అడగాలి. నేను '0-1000' అడిగాను. ప్రతి ముక్కకూ ఒక బైటు అదనంగా వచ్చి, రెండో ముక్క నుంచి పెట్టెల పరిమాణాలు అర్థం లేనివయ్యాయి. రెండోది: జాబితాలో ఆరంభ స్థానం లేకపోతే అది 0 కాదు, ముందటి ముక్క ముగిసిన చోటు. వీటితో పాటు, జవాబు కోడు 206 కాకుండా 200 వస్తే సర్వరు రేంజ్‌ను పట్టించుకోలేదని, మొత్తం ఫైలు పంపుతోందని అర్థం. అప్పుడు దిగుమతిని ఆపి, ఆ ఫైలును ఒకేసారి దించి, స్థానికంగా కోసుకునేలా మార్చాను.

టీఎస్‌కు 47 తనిఖీ ఉన్నట్టు దీనికీ ఒకటి కావాలి. ప్రతి పెట్టె మొదటి 4 బైట్లు పరిమాణం, తరువాతి 4 బైట్లు పేరు. ఆ పరిమాణాల ప్రకారం గెంతుకుంటూ వెళితే ముక్క చివరి బైటు దగ్గర సరిగ్గా ఆగాలి. పరిమాణం 1 అని ఉంటే అసలు విలువ పేరు తరువాతి 8 బైట్లలో ఉంటుంది. 0 అని ఉంటే పెట్టె ఫైలు చివరి దాకా సాగుతుంది. ఈ రెండు మినహాయింపులు రాయకుండా వదిలితే మంచి ముక్కలను కూడా చెడ్డవని తోసేస్తుంది.

ఇక ఈ దశలోని అసలు దెబ్బ. వంద ముక్కల నడుమ వేరే రిజల్యూషన్‌లో ఎన్‌కోడు చేసిన 5 ముక్కలను, 'డిస్‌కంటిన్యుటీ' గుర్తుతో, సొంత 'ఎక్స్-మ్యాప్' వరుసతో చొప్పించాను. ముక్కలు 105, వీడియో ప్యాకెట్లు 15750. లెక్క ఖచ్చితంగా కుదిరింది. చిత్రం మాత్రం ఆ 30 సెకన్ల పాటు చెడిపోయింది. ఏవీసీ1 (హెచ్.264) రకం వీడియోలో చిత్ర పరిమాణం వంటి డీకోడు వివరాలు 'మూవ్' పెట్టెలో ఉంటాయి. నేను రెండో 'మూవ్' దించకుండా మొదటిదాని కిందే అన్నిటినీ అతికించాను. ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించే కొలతకు, ఆ ప్యాకెట్లను విప్పగలమా అన్నది తెలియదు. అంత నమ్ముకున్న మూడంకెల పరీక్షకు అది రెండో ఓటమి. అందువల్ల:

1. 'ఎక్స్-మ్యాప్' మారినప్పుడల్లా ముక్కలను కొత్త గుంపుగా విడదీశాను.
2. ఒక్కొక్క గుంపును దాని సొంత ఆరంభ ఫైలుతో విడి ఎంపీ4గా రాశాను.
3. గుంపుల కోడెక్, రిజల్యూషన్ ఒకటే అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాన్‌క్యాట్ జాబితాతో కలుపుతుంది. వేరైతే విడి ఫైళ్ళుగానే వదిలి ఆ సంగతి చెబుతుంది.
4. పరీక్షలలో ఐదో కొలతగా, ఫలితాన్ని మొదటి నుంచి చివరి దాకా డీకోడు చేసి ఏమీ రాయకుండా వదిలేసే పరుగును చేర్చాను. దోష సందేశాలు సున్నా కావాలి.

ఐదో కొలత నిదానం. ప్రతి దిగుమతికీ నడపడం భారమవుతుంది కనుక దాన్ని పరీక్షలకే పరిమితం చేశాను.

ఇంతవరకు: 26 గంటలు; పరీక్షలు 18.

4వ దశ: డాష్

డాష్ జాబితా ఎక్స్‌ఎంఎల్. చిరునామాలు నేరుగా ఉండవు. ఒక మూస ఇచ్చి, డాలర్ గుర్తుల మధ్య ఉన్న పేర్ల స్థానంలో సంఖ్య, కాలం, రిప్రజెంటేషన్ (ఒక నాణ్యతలో ఉన్న రూపం) పేరు, బ్యాండ్‌విడ్త్ పెట్టుకోమంటారు. 'నంబర్' పక్కన '%05డీ' అని ఉంటే సంఖ్యను ఐదు అంకెలు వచ్చేలా ముందు సున్నాలతో నింపాలి. ఆరంభ సంఖ్య ఇవ్వకపోతే అది 1. హెచ్‌ఎల్‌ఎస్‌లో 0 అని ఇప్పుడే దిద్దుకున్న చేతికి ఈ 1 వెంటనే గుర్తుండలేదు.

తొలి పరుగులో వీడియో 594 సెకన్ల దగ్గర ఆగింది, వీడియో ప్యాకెట్లు 14850. ఆడియో మాత్రం దాదాపు 300 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. లక్షణాలు వేరుగా ఉండడంతో రెండు దోషాలనుకుని రెండు గంటలు రెండు దారుల్లో వెతికాను. ఉన్నది ఒక్కటే.

కాలపట్టికలో 'ఎస్' మూలకానికి 'డీ' అంటే ముక్క నిడివి, 'ఆర్' అంటే ఆ ముక్క ఇంకా ఎన్నిసార్లు తిరిగి వస్తుందన్నది. నేను 'ఆర్'ను మొత్తం ముక్కల సంఖ్య అనుకున్నాను. వీడియోకు ఒకే వరుస: డీ 76800, ఆర్ 99. కాలప్రమాణం 12800 కనుక ముక్క 6 సెకన్లు, ముక్కలు 100. నాకు 99 వచ్చాయి. పోయింది చివరి ముక్క ఒక్కటే. ఆడియో సంగతి అలా కాదు. 6 సెకన్లకు 281.25 ప్యాకెట్లు పడతాయి, పావు ప్యాకెట్టును కోయలేరు. అందుకని నా ప్యాకేజీలో ప్రతి నాలుగు ముక్కలలో ఒకటి 282 ప్యాకెట్లది, మూడు 281 ప్యాకెట్లవి. కాలపట్టికలో డీ 288768 ఉన్న వరుసకు ఆర్ లేదు, అంటే 0. డీ 287744 ఉన్న వరుసకు ఆర్ 2. నా లెక్కలో మొదటిదానికి సున్నా ముక్కలు, రెండోదానికి రెండు. నాలుగింటికి రెండే తయారయ్యాయి. చిరునామాలు సంఖ్యలతో ఉన్నాయి కనుక టూలు 1 నుంచి సుమారు 50 వరకు దించి, పని పూర్తయిందని ప్రకటించింది.

సవరణలు:

1. ముక్కల సంఖ్య 'ఆర్'కు ఒకటి కలిపినంత.
2. ఆర్ విలువ -1 అయితే తరువాతి 'ఎస్' మొదలయ్యే కాలం వరకు, అది లేకపోతే పీరియడ్ (జాబితాలోని ఒక కాల భాగం) ముగిసే వరకు ముక్కలు సాగుతాయి.
3. తయారైన ముక్కల మొత్తం నిడివికి, జాబితా ప్రకటించిన నిడివికి ఒక ముక్క కంటే ఎక్కువ తేడా ఉంటే దించడం మొదలుపెట్టకుండానే హెచ్చరిస్తుంది.

మూడోదాన్ని ముందే రాసి ఉంటే ఆడియో దోషం మొదటి నిమిషంలోనే దొరికేది. వీడియో దోషం మాత్రం ఆ హద్దులోపలే ఉండిపోయేది. దానికి ప్యాకెట్ల లెక్కే దిక్కు.

'బేస్ యూఆర్ఎల్' కూడా కొంత సమయం తిన్నది. అది జాబితా, పీరియడ్, అడాప్టేషన్ సెట్ (ఒకే రకపు రిప్రజెంటేషన్ల గుంపు), రిప్రజెంటేషన్ అనే నాలుగు అంతస్తులలో ఎక్కడైనా ఉండవచ్చు. ఒక్కొక్కటీ పై అంతస్తు చిరునామాతో కలిసి పరిష్కారం కావాలి. నేను స్ట్రింగులను నేరుగా కలిపాను. చివర వాలుగీత లేని చిరునామాలో చివరి భాగం తొలగి దాని స్థానంలో కొత్తది రావాలన్న నియమం అలా తప్పిపోయింది. పైథాన్‌లో ఇప్పటికే ఉన్న 'యూఆర్ఎల్ జాయిన్'తో మార్చగానే 40 వరుసల నా కోడు 4 వరుసలయింది.

ఇంతవరకు: 33 గంటలు, పరీక్షలు 27.

5వ దశ: ఏ కంటైనరులో పెట్టాలి

కంటైనరు అంటే వీడియోను, ఆడియోను కలిపి ఉంచే ఫైలు రూపం. డాష్‌లో వీడియో, ఆడియో విడివిడిగా దిగుతాయి కనుక కలపాలి. పాత కోడు ఫైలు పేరు చివరి అక్షరాలను బట్టి కంటైనరును ఎంచుకునేది. వీపీ9 వీడియోకు ఏఏసీ ఆడియో జత చేసి వెబ్‌ఎంలో రాయబోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ నిరాకరించింది, అది న్యాయమే: వెబ్‌ఎంలో వీపీ8, వీపీ9, ఏవీ1 వీడియోలు, వోర్బిస్, ఓపస్ ఆడియోలు మాత్రమే చెల్లుతాయి. ఇప్పుడు జాబితాలోని కోడెక్ పదంలో చుక్కకు ముందున్న భాగాన్ని చూసి నిర్ణయిస్తుంది. ఏవీసీ1 లేదా హెచ్‌వీసీ1 తో ఎంపీ4ఏ ఉంటే ఎంపీ4. వీపీ09 లేదా ఏవీ01 తో ఓపస్ ఉంటే వెబ్‌ఎం. మిగిలిన అన్ని జతలకూ మట్రోస్కా (ఎంకేవీ). జాబితా అబద్ధం చెప్పే సందర్భాలుంటాయి కనుక ఆరంభ ఫైలు దిగగానే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో సరిచూస్తుంది.

హెచ్‌ఈవీసీ (హెచ్.265) వీడియో 'హెచ్‌ఈవీ1' పేరుతో ఉంటే యాపిల్ ప్లేయర్లు తెరవవు. కలిపేటప్పుడు ఆ గుర్తును 'హెచ్‌వీసీ1'గా మార్చే ఐచ్ఛికం చేర్చాను. వీడియోను మళ్ళీ ఎన్‌కోడు చేయనవసరం లేదు.

మధ్యలో ఆగిన దిగుమతి కొనసాగించడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ప్రతి ముక్కనూ ముందు తాత్కాలిక పేరుతో రాసి, తనిఖీలు నెగ్గాకే అసలు పేరు పెడుతుంది. ఒకేసారి 4 ముక్కలు దించుతుంది. విఫలమైతే 1, 2, 4 సెకన్లు ఆగి మళ్ళీ అడిగి, ఆపై మానుకుంటుంది.

ఇంతవరకు: 38 గంటలు, పరీక్షలు 33, అన్నీ నెగ్గుతున్నాయి.

మిగిలినవి రెండు. ప్రత్యక్ష ప్రసార జాబితాలో పాత ముక్కలు వెనుక నుంచి రాలిపోతుంటాయి, 'మీడియా సీక్వెన్స్' పెరుగుతూ ఉంటుంది. దాన్ని మళ్ళీ మళ్ళీ చదివే కోడు ఇంకా లేదు. వెబ్‌వీటీటీ ఉపశీర్షికల ముక్కలకు కాలం సర్దుబాటు వరుస ఒకటి ఉంటుంది, అందులోని ఎంపెగ్-టీఎస్ విలువ సెకనుకు 90000 చొప్పున లెక్కించినది. ఆ గడియారం 33 బిట్లది కనుక సుమారు 26.5 గంటలకు ఒకసారి తిరిగి సున్నాకు వస్తుంది. ఉపశీర్షికలతోనే మొదలుపెడతాను, దానికి కావలసిన పరీక్ష ఫైలును, గడియారం తిరిగే చోటుకు 30 సెకన్ల ముందు మొదలయ్యేలా, ఇప్పటికే తయారు చేసి ఉంచాను.